ఒక చుట్టు తక్కువ

కామాటిపుర పదకొండో గల్లీలో, చాల్ అనే పాత అద్దెగదుల మేడలో కింది అంతస్తులో ఉన్న శివరాం వర్క్‌షాపులో చుట్లను అంకెలతో లెక్కపెట్టరు. ఫ్యాన్లకీ మోటార్లకీ చుట్టే సన్నతీగ సంగతి వేరు. దానికి మిషనుంది, మిషనుకి మీటరుంది, వందలైనా వేలైనా అదే చూసుకుంటుంది. బొటనవేలంత వెడల్పు రాగిపట్టీతో, చేత్తో చక్రం తిప్పి చుట్టే పెద్ద కాయిల్ వచ్చిందంటే మాత్రం చుట్టుకొక మనిషి పేరు చెప్పాలి. ఇరవై నాలుగు చుట్లు కావాలంటే ఇరవై నాలుగు పేర్లు.

శివరాం తాత పాలమూరు నుంచి మరో ఇరవై ముగ్గురితో కలిసి ఈ ఊళ్లో గోడలు కట్టడానికి వచ్చాడు. ఆయనకి పది దాటితే అంకెలు రావు. సున్నం గంప మోసినప్పుడల్లా తమవాళ్లలో ఒకరి పేరు అనుకునేవాడు. అందరి పేర్లూ అయ్యాయంటే ఒక వరస అయినట్టు. గోడల పని పోయి కాయిళ్ల పని వచ్చినా వరస మాత్రం పోలేదు. ఇప్పుడందులో ఉన్నవి చాల్‌లో బతికున్న ఇరవై నలుగురి పేర్లు. ఎవరైనా కాలం చేస్తే, దినాలు కాగానే ఆ ఇంటివాళ్లు తమలో ఇంకొకరి పేరు తెచ్చి అదే చోట పెట్టిస్తారు. అందాకా ఆ ఒక్క చుట్టూ పేరు లేకుండా తిప్పుతారు. పోయినవాళ్ల పేరు పలకకూడదు. ఉన్నవాళ్ల పేరు వదలకూడదు. వరస మొదలుపెట్టాక మధ్యలో వేరే మాట రాకూడదు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు గానీ, ఆ వర్క్‌షాపు గడప దాటిన పెద్ద కాయిల్ ఒక్కటి కూడా ఇన్నేళ్లలో చెడిపోయి తిరిగి రాలేదు.

పేర్లు చెప్పేది శివరాం తల్లి రత్నాబాయి. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. చక్రం పక్కన పాత చెక్క స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుని చెబుతుంది. మొదటి పేరు తనదే. తన పేరు తాను పైకి చెప్పుకోవడం ఆమెకి సిగ్గు. అందుకని పెదాల మీదే అనుకుని తలూపుతుంది, ఆ ఊపుతో మొదటి చుట్టు కదులుతుంది. రెండో పేరు శివరాం. మూడోది కోడలు రేణుక. అలా చాల్ అంతా తిరిగి పంతొమ్మిదో పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు మెత్తబడుతుంది. అది చిన్న కొడుకు గణేష్ పేరు.

గణేష్ ఇల్లు విడిచి పది నెలలైంది. అన్న చక్రం తిప్పుతుంటే రాగిపట్టీని బిగువుగా పట్టుకోవడం ఇరవై ఏళ్లుగా వాడి పని. పోయిన దసరాకి ముందు ఒక కాయిల్ చుట్టేటప్పుడు వాడి పట్టు సడలింది. వర్క్‌షాపులోనే కరెంటు పెట్టి చూస్తే కాలి కూర్చుంది. శివరాంకి కోపం ముక్కు మీదే ఉంటుంది. గల్లీ అంతా వింటుండగా, "ఇయాల్టి సంది మా వరసల నీ పేరు లేదు, పో!" అన్నాడు. నాలుగు దెబ్బలు వేసినా పడి ఉండేవాడే, ఆ మాట మాత్రం పడలేకపోయాడు గణేష్. సాయంత్రానికల్లా పై అంతస్తులో తన గదికి తాళం వేసి వెళ్లిపోయాడు. కొన్నాళ్లు ఫోను మోగేది, ఎత్తేవాడు కాదు. ఎండాకాలం వచ్చేసరికి మోగడం కూడా మానేసింది.

రత్నాబాయి మాత్రం పంతొమ్మిదో చుట్టులో వాడి పేరు చెప్పడం మానలేదు. శివరామే వినలేక, ఆ పేరు వచ్చే వేళకి సుత్తి అందుకుని రాగి మీద టకటకా కొట్టేవాడు. సిగ్గు అంత పాడుది.

జులైలో వాన తెరిపివ్వని ఒక మధ్యాహ్నం సీమా వచ్చింది. వర్లి చాల్‌లో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల, ఇప్పుడు పూణె అవతల ఒక పరిశోధన సంస్థలో సైంటిస్టు. చైత్రంలో ఆ సంస్థకి ఎనిమిది కాయిళ్లు చుట్టించుకుపోయింది ఆమే. లోపలికి వస్తూనే తడి గొడుగుని స్టూలు మీద పడేసింది. స్టూలు మీద రత్నాబాయి కూర్చుని ఉంది. గొడుగు ఆమె ఒళ్లో పడి చీర తడిసింది. ఆమె దాన్ని తీసి గోడకి ఆనించింది. బాగా చదువుకున్న పిల్లలకి పెద్దవాళ్లు కనబడరులే అని శివరాం మనసులోనే విసుక్కున్నాడు.

"కాకా, ఒక మాట అడుగుత, కోపం జెయ్యకు," అంది సీమా. "నువ్వు చుట్టిచ్చిన ఎనిమిదింట్ల మూడింటికి ఇరవై మూడే చుట్లున్నయ్."

శివరాం ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నా చేతిల అసలు అట్ల కాదు. మళ్లొకసారి చూడుండ్రి."

"నాలుగుసార్లు చూసినం. నువ్వు పరేషాన్ గాకు, నేను కొట్లాడెతందుకు రాలే. చేతులు జోడించెతందుకు వచ్చిన."

ఆమె చెప్పింది ఇదీ. సూర్యుడి కడుపులో జరిగే పనిని ఒక గదిలో జరిపించాలని వాళ్ల తపన. దానికోసం హైడ్రోజన్‌ని కోట్ల డిగ్రీలకి కాగబెడతారు. అప్పుడది గాలిగా మిగలదు, ప్లాస్మా అవుతుంది. దాన్ని పట్టే గిన్నె భూమ్మీద లేదు కాబట్టి, అయస్కాంతాల బలంతో వడ ఆకారంలో తేల్చి నిలబెడతారు. నడిమధ్య బాగానే ఉంటుంది. పేచీ అంతా అంచు దగ్గరే.

"సీటీ మూసుకపోయిన కుక్కర్ ఎట్లుంటది కాకా? బందోబస్తు పక్కాగ చేసినకొద్ది అంచుకాడ జోరు పెరుగుతది. సుడులు లేస్తయ్. ఇగ ఒక్కసారి భడాల్న పేలి గోడ మీద పడ్తది. మళ్ల నిండుతది, మళ్ల పేలుతది. గోడ తినుకుంట పోతది. మూడేండ్ల సంది దాన్ని సముదాయించలేక సచ్చినం. ఎనిమిది కాయిళ్లు ఒకటే తీగ మీదున్నయ్, అన్నిట్ల అదే కరెంటు. అన్నీ బరాబర్ ఉండాలెనని మేమే అన్నం. నీ కాయిళ్లు పెట్టినంక పేలుడు ఆగింది. ఎందుకాగిందో తెల్వక మేం తలలు పట్టుకున్నం. చూస్తే మూడింట్ల ఒక్కొక్క చుట్టు తక్కువ. ఆ జర వంకరలకెల్లి జోరు సన్నగ బయటికి పోతున్నది. ఒక్కటి తగ్గేసరికి అంచంత నిమ్మలమైంది."

ఫోను తీసి వినిపించింది. అంచు దగ్గర పెట్టిన తీగలు పట్టిన కదలికను శబ్దంగా మార్చారట. ముందుది పాత కాయిళ్లప్పటిది. ఎవరో మూసిన తలుపుని లోపలి నుంచి పిడికిలితో గుద్దుతున్నట్టు ఉంది. రెండోది శివరాం కాయిళ్లు పెట్టాక తీసింది. గుద్దుడు లేదు. పక్కగదిలో ఎవరో గొణుగుతున్నట్టు సన్నటి సద్దు. మాటలు తెలియవు గానీ ఆ తూగు శివరాంకి తెలుసు. ఒక పేరు, చిన్న విరామం, ఇంకో పేరు, చిన్న విరామం. తల్లి వైపు చూశాడు. రత్నాబాయి కళ్లు మూసుకుని ఆ సద్దుకి తగ్గట్టు తలూపుతోంది.

"ఏ మూడు?" అని అడిగాడు శివరాం. అడగకపోతే బాగుండునని అడిగాక అనిపించింది.

"ఆరు, ఏడు, ఎనిమిది. మొదటి అయిదు బరాబర్ ఉన్నయ్. ఆరో దాని మీద నువ్వు కొట్టిన తారీఖు ఏప్రిల్ పదకొండు."

ఆ మూడింటికీ పైపూత మాడిందనీ, అచ్చం అలాంటివే ఇంకో మూడు చుట్టివ్వాలనీ సీమా అడిగింది. "గల్తీ సరిచేస్తనని ఇరవై నాలుగు చెయ్యకు కాకా. ఇరవై మూడే కావాలె." చాయ్ దుకాణం మంగేష్ వచ్చి మూడు గ్లాసులు పెట్టి పోయాడు. సీమా, శివరాం, రేణుక తలా ఒకటి తీసుకున్నారు. తల్లికి లేదని శివరాం తన గ్లాసు ఆమెకిచ్చాడు.

సీమా వెళ్లాక శివరాం లెక్క వేసుకున్నాడు. చుట్టు తగ్గిందంటే తల్లి ఒక పేరు వదిలిందన్నమాట. ఏప్రిల్లో చాల్‌లో ఎవరూ చనిపోలేదు. ఎవరికీ తెలియకుండా ఎక్కడో పోవడానికి వీలున్న పేరు వరసలో ఒక్కటే ఉంది. మా వరసల నీ పేరు లేదు, పో. ఆ మాట అన్న నోరు తనది. తల్లిని అడుగుదామంటే ధైర్యం చాలలేదు. వదిలిన పేరేమిటని అడిగితే ఆమె చెబుతుంది, చెబితే ఇక అయిపోయినట్టే. అడగనన్నాళ్లు తమ్ముడు ఏదో ఒక మూల బతికే ఉంటాడు.

పైకి పోదామని మెట్లెక్కుతుంటే ఇంకో సంగతి తట్టింది. చాల్ నిశ్శబ్దంగా ఉంది. రెండో అంతస్తు నల్లా దగ్గర లక్ష్మమ్మకీ శాంతాబాయికీ బిందెల కోసం రోజూ పానిపట్టు యుద్ధమే. అరుపులు గల్లీ మొదటికి వినబడేవి. ఇప్పుడు ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నిలబడి, మాట లేకుండా నీళ్లు పట్టుకుని పోతున్నారు. ఎన్నాళ్ల నుంచి ఇలా? గుర్తు చేసుకుంటే, ఏప్రిల్ నుంచే. అందరూ నిమ్మళంగా ఉన్నారు, సీమా చెప్పిన అంచులాగే. ఆ నిమ్మళం చూస్తే శివరాంకి గుబులు పుట్టింది.

మర్నాడు పొద్దున మొదటి కాయిల్ మొదలుపెట్టారు. శివరాం పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేశాడు. ఫ్యాన్ల మిషను మీటరు ఊడదీసి చక్రం ఇరుసు కింద, తల్లికి కనబడకుండా బిగించాడు. సుత్తి దూరంగా పెట్టాడు. రేణుక గోడకి కాలు తన్నిపెట్టి రాగిపట్టీ బిగువుగా పట్టుకుంది. మొదటి చుట్టు ఎప్పుడూ మొండిదే, రాగి వంగనంటుంది. అప్పుడు అతని కళ్లూ చేతులే తప్ప చెవులు పనిచెయ్యవు. తల్లి తలూపింది, చక్రం కదిలింది, ఆ తర్వాతే అతనికి పేర్లు వినబడటం మొదలైంది.

"రేణుక... బుచ్చయ్య... లక్ష్మమ్మ..."

పదో పేరు దాటింది. పదిహేనో పేరు దాటింది. చేతులు తిప్పుతున్నాయి, ప్రాణం మాత్రం చెవుల్లో ఉంది. "శాంతాబాయి," అంది రత్నాబాయి. అది పద్దెనిమిదోది. చక్రం ఒక చుట్టు పూర్తిచేసి ఆగింది.

"గణేష్," అంది రత్నాబాయి, ఎప్పటిలాగే మెత్తగా.

శివరాంకి కళ్లనీళ్లు ఆగలేదు. బతికే ఉన్నాడు! భుజంతో ముఖం తుడుచుకుని చక్రాన్ని పూల బుట్ట తిప్పినంత తేలిగ్గా తిప్పాడు. ఇరవై నాలుగో పేరు చాయ్ మంగేష్‌ది. అదీ అయింది. ఇక తేలిన మనసుతో వంగి మీటరు చూశాడు.

ఇరవై మూడు.

రేణుక పట్టీ వదిలి వంటకని పైకి వెళ్లింది. శివరాం నేల మీదే కూలబడి పేర్లన్నీ మళ్లీ మనసులో తిప్పుకున్నాడు. రేణుక నుంచి మంగేష్ దాకా అన్నీ విన్నవే. వాటికి ముందు తిరిగిన చుట్టు ఒక్కటే, ఉండాల్సిన పేర్లు రెండు: ఎప్పుడూ ఎవరూ వినని తల్లి పేరు, తన పేరు. ఇందాక తల్లి తలూపింది ఏ పేరుకి? ఆమె తన పేరుకి కాదు. "శివరాం" అన్న పేరుకి.

"అమ్మా, నీ పేరు ఏమాయె?" అన్నాడు.

రత్నాబాయి కళ్లు తెరిచింది. తప్పు దొరికిపోయిన చిన్నపిల్లలా నవ్వింది. "నేను పొద్దున లేవంగనే ముఖం కడుగకముందు వరస ఒకసారి అనుకుంట, నీకెరుకే గదా. ఆరో కాయిల్ చుట్టిన పొద్దు పంతొమ్మిది కాడికి వచ్చేసరికి నాలికె లేవలే. మూడుసార్లు మొదటి నుంచి చెప్పుకున్న. మూడుసార్లు వాని పేరు కాడనే గొంతు పట్టేసింది. ఇరవై మూడే పల్కుతయట, ఇరవై నాలుగు పల్కవట. సరే, ఒకటి పోవాలంటే పోనీ, ఏది పోవాలన్నది నా నోట్లనే ఉందిగా అనుకున్న. నాది ఇడిచిపెట్టి చెప్పిన. వాని పేరు చక్కగ వచ్చింది."

"నీ పేరు మళ్ల పెట్టు అమ్మా. దండం పెడ్త."

"నాది పెడితే వానిది పడిపోతది రా. రోజూ పొద్దున చూస్తనే ఉన్న. వరస ఇప్పుడు ఇరవై మూడే మోస్తున్నది." ఆమె కొంగుతో అతని చెమట తుడిచింది. చెయ్యి చల్లగా, ఉందో లేదో అన్నంత తేలిగ్గా ఉంది. "నాకేం బాధ లేదు. జర జర అందరు నన్ను మరుస్తున్నరు, అంతే. కాయిల్ చుట్టినప్పుడల్ల ఇంకింత."

అప్పుడు అర్థమైంది శివరాంకి ఒళ్లో పడిన గొడుగు, తక్కువ వచ్చిన చాయ్ గ్లాసు. చైత్రం నుంచి ఇంటికి చుట్టాలు వస్తే ఎవరూ ఆమెని పలకరించలేదు. పెన్షను కాగితాలు తెచ్చే మనిషి రావడం మానేశాడు. ముసలితనం అంటే అంతే కాబోలనుకున్నాడు తాను. ఆ ఊహకి ఇప్పుడు తనని తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

భోజనాల వేళకి రేణుక రెండు కంచాలు పెట్టింది.

"మూడోది?" అన్నాడు శివరాం.

"ఎవరికి?" అంది రేణుక. ఎగతాళిగా కాదు. నిజంగానే తెలియక అడిగింది. రత్నాబాయి గోడ పక్కన పీట మీద కూర్చుని ఉంది. రేణుక అదే పీట వైపు చూసి, దాని మీద ధూళి ఉందేమోనన్నట్టు కొంగుతో ఒకసారి దులిపింది. పదిహేనేళ్లు అత్తకి తల దువ్విన కోడలు. శివరాం తన కంచం తల్లి ముందుకి జరిపి, ఆకలి లేదని చెప్పి బయటికి నడిచాడు.

అతను నేరుగా పోయింది బుచ్చయ్య దగ్గరికి. బుచ్చయ్య పాలమూరు కూలీలకి మేస్త్రీ. ఏ సైటులో ఏ మనిషున్నాడో అతని నోటికే ఉంటుంది. ఇంతకాలం అతన్ని అడగడానికి శివరాంకి మొహం చెల్లలేదు. ఇప్పుడు మొహం గురించి ఆలోచించే తీరిక లేదు. బుచ్చయ్య నలుగురికి ఫోన్లు చేశాడు. అయిదో ఫోనులో గణేష్ దొరికాడు. నాసిక్ అవతల ఒక బిల్డింగు సైటులో ఉన్నాడు.

శివరాం ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అటునుంచి "ఎవరు?" అన్న గొంతు విని, చెప్పాలనుకున్నవన్నీ మరిచిపోయాడు. "రా రా ఇంటికి," అన్నాడు. "గల్తీ నాది. రా." అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం గ్రాంట్ రోడ్ స్టేషన్లో దిగి, చంకలో కర్ర పెట్టుకుని, కుంటుకుంటూ గణేష్ గల్లీలోకి వచ్చాడు. అన్న కాళ్లకి వంగబోతే శివరాం వంగనివ్వలేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. రేణుక మరిదిని తిట్టింది, ఏడ్చింది, చాయ్ పెడతానని పైకి పరుగెత్తింది.

"ఏంరా ఈ కాలు?"

"ఏప్రిల్ పదకొండున పొద్దున్నే పరంజా మీదికెల్లి పడ్డనన్నా. ఆరంతస్తులు. ఫోను పలిగింది, మనిషి మిగిలిండు. అందరు పోయిండనే అనుకున్నరట. నడిమిట్ల ఒక కట్టె తగులుకున్నది. ఏదో చెయ్యి పట్టి ఆపినట్లే ఆగిన." గణేష్ నవ్వాడు. "నిలవడలేకపోతున్న, జర కూసుంట." చక్రం పక్కనున్న స్టూలుని కర్రతో దగ్గరికి లాక్కోబోయాడు.

"ఆగు!" అని అరిచాడు శివరాం.

స్టూలు మీద రత్నాబాయి ఉంది. కొడుకు వచ్చినప్పటి నుంచి రెండు చేతులూ చాపి వాడి ముఖం తడుముతూనే ఉంది. చెంపలు, గడ్డం, నుదుటి మీద కొత్త మచ్చ. గణేష్ ఈగ వాలినట్టు చెంప మీద ఒకసారి చేత్తో తోలుకున్నాడు. అమ్మ ఏదని కూడా అడగలేదు. "ఎవరిదన్నా ఈ స్టూలు?" అన్నాడు.

రత్నాబాయి చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు. కొడుకుని కళ్లారా చూసుకుంటోంది, అది చాలన్నట్టు. శివరాం మాత్రం అది చూడలేకపోయాడు. నోరు జారింది తాను. పోయేది తమ్ముడు కాకుంటే తల్లా? ఇదెక్కడి న్యాయం?

"దా, ఈ పెట్టె మీద కూసో," అన్నాడు తమ్ముడితో. "పట్టీ పట్టుకో. ఒక కాయిల్ చుట్టేదుంది."

"వచ్చి ఇంకా నీళ్లు తాగలే గదన్నా!"

"పట్టుకో రా."

గణేష్ పెట్టె మీద కూర్చుని పట్టీ బిగించి పట్టుకున్నాడు. అదే పాత పట్టు, ఇసుమంత సడలింపు లేదు. శివరాం చక్రం మీద చెయ్యి వేసి, తల్లి తలూపక ముందే తానే మొదలుపెట్టాడు.

"రత్నాబాయి."

కన్నతల్లిని పేరు పెట్టి పిలవడం అతనికి అదే మొదటిసారి. ఆ పేరుని పైకి పలకగా ఆ గోడలు వినడం కూడా మొదటిసారే. మొదటి చుట్టు మొండిగా వంగింది. రత్నాబాయి ఉలిక్కిపడి చూసింది.

"రేణుక," అన్నాడు శివరాం.

రెండో పేరు, పెద్దకొడుకుది, రాలేదని ఆమెకి అర్థమైంది. స్టూలు మీద నుంచి లేచి నిలబడింది. వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. వరస మధ్యలో వేరే మాట రాకూడదు. ఆ నియమం యాభై ఏళ్లు కాపాడిన మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. శివరాం ఆమె వైపు చూడలేదు, చూస్తే చెయ్యి ఆగిపోతుందని భయం. "బుచ్చయ్య... లక్ష్మమ్మ..." చక్రం తిరిగింది. పంతొమ్మిదో పేరు వచ్చింది. సుత్తి దగ్గర్లోనే ఉంది, అతను దాని వైపు పోలేదు. "గణేష్," అని గల్లీ అంతా వినబడేట్టు అన్నాడు, ఆ రోజు పొమ్మన్నప్పుడు ఎంత గట్టిగా అన్నాడో అంత గట్టిగా. గణేష్ తలొంచుకుని పట్టీ ఇంకా బిగించాడు. చివర "మంగేష్" అయింది. చక్రం ఆగింది. మీటరులో ఇరవై మూడు, సీమా అడిగినన్నే.

"అమ్మా!" అన్నాడు గణేష్. పట్టీ వదిలేసి, కర్ర సంగతి మరిచి, స్టూలు దగ్గర మోకాళ్ల మీద పడి ఆమె ఒళ్లో తల పెట్టుకున్నాడు. "అమ్మా, ఎంత చిక్కిపోయినవే!"

రత్నాబాయి చేతులు వాడి తల మీద వాలాయి. ఈసారి వాడు తోలుకోలేదు.

రేణుక పళ్లెంలో చాయ్ గ్లాసులు, సాసర్లు పెట్టుకుని దిగింది. "చూసినవా అత్తమ్మా, నీ కొడుకు వచ్చిండు. ఇగ నన్ను సతాయించకు," అంది నవ్వుతూ. అత్తకో గ్లాసు, మరిదికో గ్లాసు ఇచ్చి, మూడోది తాను తీసుకుంది. చక్రం మీదున్న కొత్త కాయిల్ చూసి ఆశ్చర్యపోయింది. "ఒక్కనివే చుట్టినవా గణేష్, ఈ కాలుతోని?"

"ఆ వదినా," అన్నాడు గణేష్, కాస్త ఆలోచించి. "అమ్మ పేర్లు చెప్పింది."

శివరాం చక్రం దగ్గరే నిలబడి ఉన్నాడు. భార్య పక్కనుంచే వెళుతూ అతని భుజానికి తగిలింది, తగిలినట్టు ఆమెకి తెలియలేదు. అతనికి భయం వేసింది. కానీ అంత భయంలోనూ తమ్ముడు తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఉండటం చూస్తే గుండె నిండింది. పై అంతస్తులో నల్లా దగ్గర ఎవరూ పోట్లాడుకోవడం లేదు.

రత్నాబాయి ఒక్కతే చక్రం వైపు చూసింది. శివరాంలాగే వరస మొత్తం ఎరిగిన మనిషి కదా, ఆమెకి అతను కనబడుతున్నాడు. కళ్లనీళ్లు చెంపల మీద కారుతుంటే, గ్లాసులోంచి సగం చాయ్ సాసర్లో పోసి, చక్రం పక్కకి జరిపింది.

"ఎవరికత్తమ్మా అది?" అంది రేణుక.

శివరాం వంగి సాసర్ అందుకున్నాడు. చాయ్ ఇంకా వేడిగానే ఉంది.